విప్పిన కుట్లు

పోయిన వారం కథలో ఆ ఫైర్‌మన్‌ని మూడో అంతస్తు ఎత్తున, నిచ్చెన మీద, కళ్ళు తేలేస్తుండగా వదిలేసి వచ్చాం. వారం రోజులు వేలాడదీశానని నన్ను తిట్టుకున్నవాళ్ళు తిట్టుకునే ఉంటారు. ఇక దింపేద్దాం.

పడలేదు. రెండు మెట్ల కిందున్న మీసాలాయన చెయ్యి చాచి అతని ప్యాంటు నడుము పట్టీ దొరకబుచ్చుకున్నాడు. అంత మనిషీ ఆ పట్టీకి వేలాడాడు. కుట్టు టపటపమంటూ రెండంగుళాలు తెగింది, మిగతాది ఆగింది. ఆ కుట్టు వేసింది అతని భార్యే. ఫైర్ స్టేషన్‌లో పద్నాలుగు మందికీ యూనిఫాం కుట్టేది ఆవిడే, ఏటా సెలవులకి ముందు అందరి నడుముల కొలతలూ కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఆఫీసరుకి ఇచ్చేదీ ఆవిడే. మెడలో టేపు లేకుండా ఆవిడని ఎవరూ చూసి ఎరగరు. అందుకే వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ టేపక్క.

ఇంతకీ అతను ఎందుకు పడబోయాడు? తిండి వల్ల. తిండి ఎక్కువై కాదు, తిండి లేక. నిజం చెప్పాలంటే రెండూనూ. సెలవుల్లో పదకొండు రోజులు తోడల్లుడి ఇంట్లో కూర్చుని కేకులనీ, వేపుళ్ళనీ, అర్ధగంటకొక కూల్‌డ్రింకనీ లాగించాడు. ఆ తోడల్లుడొక రకం మనిషి. వద్దంటే చాలు, తన పరువేదో పోయినట్టు ఇంకో రెండు వడ్డిస్తాడు. ఇంటికొచ్చాక మనవాడు అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడి, బెంబేలెత్తిపోయి, మూడు రోజులు నిమ్మరసం నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. నాలుగో రోజు ఉదయం నిచ్చెన డ్రిల్లు.

భయానికి కారణం ఉంది. ఇంకో ఇరవై రోజుల్లో ఏడాది పరీక్ష. నడుము ముప్పై ఆరు అంగుళాలు దాటినవాడిని నిచ్చెన ఎక్కనివ్వరు. ఫోన్ బల్ల దగ్గర కూర్చోబెట్టి, "హలో, మంటలెక్కడండీ?" అని అడిగే పని ఇస్తారు. పదిహేనేళ్ళుగా ఏ మంటలోకైనా మొదటి కాలు పెట్టేది అతనే. ఆ బల్ల పేరెత్తితేనే అతనికి ఒళ్ళు మండుతుంది.

డాక్టరు గ్లూకోజు ఎక్కించి పంపించాడు. మీసాలాయన జీపులో తెచ్చి ఇంట్లో దింపాడు. "జాగ్రత్త వదినా" అని ఒక్క మాట అని, ఆవిడ మొహం చూసి, టీ కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. తెలివైనవాడు.

పొద్దున పదకొండు దాటింది. ముందు గదే ఆవిడ కుట్టు గది. కిటికీ పక్కన మిషను, మధ్యలో కత్తిరించే బల్ల, గోడకి మేకులు, మేకులకి సగం కుట్టిన చొక్కాలు. లుంగీ కట్టుకుని అతను కుర్చీలో కూలబడ్డాడు. తెగిన ప్యాంటు బల్ల మీద పడేసి ఉంది. వంటింట్లోంచి గిన్నె మీద గరిట చప్పుడు వస్తోంది. అక్కడుంది అతని తల్లి.

టేపక్క మిషను మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. ఆవిడ మొగుణ్ణి మామూలుగా మీరు అంటుంది. కోపం వస్తే మొదట ఎగిరిపోయేది ఆ మీరే.

"మొన్న పొద్దున అడిగాను, తిన్నావా అని. స్టేషన్లో తిన్నానన్నావు. ఇప్పుడు మీసాలన్నయ్య చెప్తున్నాడు, స్టేషన్లో అడిగితే ఇంట్లో తిన్నానన్నావంట. మూడు రోజులు! ఇటు నన్నూ అటు వాళ్ళనీ వెర్రివాళ్ళని చేశావు కదా?"

"చెప్తే నువ్వు ఊరుకుంటావా? నోట్లో కుక్కేదానివి."

"కుక్కేదాన్నే! పై నుంచి పడుంటే ఇప్పుడు ఏం కుక్కాలి నీ నోట్లో? చెప్పు!"

"పడలేదుగా."

ఆ మాటకి ఆవిడ చేతికందిన దారపు ఉండ విసిరింది. అది అతని భుజానికి తగిలి, నేల మీద దొర్లుకుంటూ మిషను కిందకి పోయింది. పదహారేళ్ళ కాపురంలో ఆవిడ మొగుడి మీద ఏదైనా విసరడం ఇదే మొదలు. అతనికంటే ఆవిడే ఎక్కువ ఉలిక్కిపడింది. కానీ కోపం మాత్రం అంగుళం కూడా తగ్గలేదు.

"లంఖణం పరమౌషధం అని పెద్దలే చెప్పారు" అని గొణిగాడతను.

"ఆ పెద్దలు నిచ్చెనలెక్కలేదురా!" వంటింట్లోంచి తల్లి గొంతు ఖంగుమంది.

అతను ఉడికిపోయాడు. ఇంట్లో ఇద్దరాడవాళ్ళూ ఒకటైతే మగవాడు చేసేదేముంది, యూనిఫాం గురించి మాట్లాడతాడు. "సరే, అయిందేదో అయింది. ముందా ప్యాంటు కుట్టు. ఎల్లుండి డ్యూటీకి వెళ్ళాలి" అంటూ లేచి, బల్ల మీది ప్యాంటు తీసుకుని, ఎంత తెగిందో చూద్దామని నడుము పట్టీ లోపలి వైపుకి తిప్పాడు.

తిప్పినవాడు అలాగే నిలబడిపోయాడు.

ప్యాంటు వెనక మధ్య కుట్టు దగ్గర దర్జీవాళ్ళు లోపల కొంత బట్ట మిగులు వదులుతారు, రేపు మనిషి ఒళ్ళు చేస్తే విప్పి వదులు చెయ్యడానికి. మామూలుగా ఆ మిగులు బట్ట మీద ఎవరి చూపూ పడదు. మీసాలాయన పట్టు పుణ్యమా అని ఇప్పుడది బైటికి వచ్చింది. బైట వెలిసిన నీలం, లోపల ముదురు నీలం. ఆ రెంటి మధ్య సూది చేసిన సన్నటి చిల్లుల వరస ఒకటి, నిలువునా. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన మూడోది.

"ఇవేంటి?" అన్నాడు.

ఆవిడ మిషను మీది కత్తెర తీసి పక్కన పెట్టింది.

"నిన్నే. ఈ చిల్లులేంటి?"

"పాత కుట్లు."

"పాతవంటే?"

"విప్పేసినవి."

అతను వేలితో లెక్కపెట్టాడు. మూడు వరసల్ని లెక్కపెట్టడానికి అంతసేపు పట్టక్కర్లేదు. అయినా రెండోసారి లెక్కపెట్టాడు.

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళయింది. మొదట ఒకసారి. పోయినేడాది ఒకసారి. మొన్న మా అక్క వాళ్ళింటి నుంచి రాగానే..."

"మొన్న కూడానా!"

పక్కింటి వాళ్ళ కుక్క మొరగడం మొదలుపెట్టింది. అంత గట్టిగా అరిచాడు.

ఇక్కడ అతని పక్షాన ఒక మాట చెప్పాలి. రెండేళ్ళుగా ఈ మనిషి స్టేషన్లో తన ప్యాంటు గురించి గొప్పలు పోతున్నాడు. తోటివాళ్ళు పొట్ట లోపలికి లాక్కుని హుక్కు పెట్టుకుంటుంటే, "నన్ను చూడండ్రా, పెళ్ళినాడు ఎంతో ఇప్పుడూ అంతే" అని పట్టీలో రెండు వేళ్ళు పెట్టి చూపించేవాడు. ఆ రెండు వేళ్ళ సందు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

"నన్ను బఫూన్ని చేశావు" అన్నాడు. "పద్నాలుగు మంది ముందు బఫూన్ని చేశావు. నేను పెరుగుతున్నానని నాకు చెప్పకుండా, నా వెనక కూర్చుని ప్యాంటు పెంచుతున్నావా? బట్ట బిగుసుకుంటే మనిషి జాగ్రత్త పడతాడే! ఒక ముద్ద తగ్గిస్తాడు. అది కూడా లేకుండా చేశావు కదా!"

"ఓహో, తప్పు నాదా? తిన్న నోరు నీది, తినిపించిన చెయ్యి మా బావది, తప్పు నా సూదిదా?"

"కుట్టు విప్పింది ఎవరు?"

"ఎందుకు విప్పానో అడిగావా?" ఆవిడ బల్ల చుట్టూ తిరిగి అతని ఎదురుగా వచ్చింది. "రెండేళ్ళ కిందట ఇలాగే సెలవుల నుంచి వచ్చాం. హుక్కు పట్టలేదు. ఏం చేశావు? వారం రోజులు తిండి మానేశావు. పెట్టిన పళ్ళెం తోసేశావు. పాపం అత్తయ్య కింద పడ్డదంతా ఏరుకున్నారు. మాట్లాడితే కస్సు, మాట్లాడకపోతే బుస్సు. ఇంట్లో నడవడానికి భయమేసింది నాకు. ఎనిమిదో రోజు నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు అంగుళం విప్పేశాను. నువ్వొచ్చి తొడుక్కుని, అద్దంలో చూసుకుని, ఏమన్నావో గుర్తుందా?"

అతనికి గుర్తుంది. అందుకే చూపు ప్యాంటు మీదకి తిప్పాడు.

"'చూశావా, తగ్గాను' అన్నావు. నవ్వావు. వారం తర్వాత మొదటిసారి నవ్వావు. కూర్చుని కడుపు నిండా తిన్నావు. ఆ నవ్వు చూశాక, లేదండీ, తగ్గింది మీరు కాదు, పెరిగింది ప్యాంటు అని ఏ పెళ్ళాం చెప్తుంది? నువ్వు చెప్పు!"

మాట మధ్యలో మీరు తిరిగొచ్చింది, మళ్ళీ పోయింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ అవి బాధవి కావు, కోపానివే. ఆవిడకి కోపం ఎక్కువైతే కళ్ళు అలా చెమరుస్తాయి. దానికి మళ్ళీ ఆవిడకి ఇంకా కోపం.

నన్నడిగితే నాకు ఇద్దరి మీదా కోపమే. ఒకడు పొట్టతో అబద్ధమాడాడు, ఒకత్తె సూదితో ఆడింది. నిజం చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషాన్ని రెండేళ్ళు దాటవేశారు.

"అయినా సరే" అన్నాడతను మొండిగా. "నా కొలత ముప్పై నాలుగు. ఏటా నువ్విచ్చిన కాగితం ఆఫీసరు చదువుతుంటే అందరూ చప్పట్లు కొడతారు. కాగితం మీద ముప్పై నాలుగు ఉంటే, నా ప్యాంటుకి ఇంత బట్ట ఎందుకు విప్పాల్సొచ్చింది?"

అంతసేపు మాటకి మాట అప్పజెప్పిన మనిషి, దీనికి మాత్రం ఏమీ అనలేదు. వంగి, మిషను కింద దారపు ఉండ కోసం వెతకడం మొదలుపెట్టింది. అతను ఆవేశంలో ఉన్నాడు, ఆ మౌనం అతనికి అందలేదు.

లేచిన ఆవిడ కళ్ళు గది మూల ఫ్రిజ్ మీదున్న రేకు డబ్బా మీద పడ్డాయి. వీళ్ళు బయల్దేరేటప్పుడు తోడల్లుడు బలవంతాన సంచీలో పెట్టిన మిఠాయిలు, ఇంకా సగం ఉన్నాయి. కోపానికి ఏదో ఒకటి దొరకాలి కదా. డబ్బా లాగి చెత్తబుట్ట దగ్గరికి నడిచింది.

"ఆగమ్మాయ్."

తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో చిన్న గిన్నె. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆసుపత్రి వంటగదిలో పనిచేసి రిటైరయింది. ఆపరేషన్లయి లేవలేనివాళ్ళకీ, వారాల తరబడి తిండి సయించనివాళ్ళకీ నోటికి ముద్ద అందించిన మనిషి. ఆవిడ గొంతు చిన్నది. దాంతో గదిలో రెండు పెద్ద గొంతులూ ఆగాయి.

"అది పారెయ్యకు. నువ్వు పారేస్తే వీడు రేపు దొంగచాటుగా కొనుక్కు తింటాడు. నా చేతికియ్యి. రోజుకొకటి, భోజనం అయ్యాక, అందరి ముందూ కూర్చుని తింటాడు."

"మిఠాయా! ఇప్పుడా అత్తయ్యా? ఇరవై రోజుల్లో పరీక్ష పెట్టుకుని?"

"ఇప్పుడే. వద్దన్న కొద్దీ దాని మీదే ధ్యాస." ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టి కొడుకు వైపు తిరిగింది. ఆవిడకీ తక్కువ కోపం లేదు. పళ్ళెం పెట్టిన చప్పుడులోనే తెలిసింది. "ఇల్లు కాలాక బావి తవ్వేవాళ్ళని రోజూ వెక్కిరిస్తావు కదరా, నువ్వు చేసిందేంటి? పదకొండు రోజుల తిండిని మూడు రోజుల్లో కక్కిద్దామనుకున్నావా? పొట్టేమన్నా దొంగా, లాకప్పులో వేసి కొట్టడానికి?"

"అమ్మా, నువ్వు కూడా..."

"నేనూ అంటాను. కన్నదాన్ని, నాకే ఎక్కువ హక్కు. కూర్చో."

కూర్చున్నాడు. గిన్నెలో కూరగాయల సూపు, పక్కన ఉడికిన గుడ్డు, సగం బ్రెడ్డు ముక్క. ఆవిరి మీద క్యారెట్టు వాసన. అతని పొట్ట మూడు రోజుల తర్వాత గుర్రుమంది, అది ముగ్గురికీ వినిపించింది. వేరే రోజైతే ముగ్గురూ నవ్వేవాళ్ళు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే. ఖాళీ కడుపు మీద ఒక్కసారి పోస్తే తిప్పి కొడుతుంది. మా ఆసుపత్రిలో ఇంత కూడా పెట్టేవాళ్ళం కాదు, మొదటి పూట నాలుగు చెంచాలు, రెండో పూట గిన్నెడు, మర్నాడు నమిలేది. నాలుగింటికి ఒక పండు ఇస్తాను. రాత్రికి పెందలాడే అన్నం, కూర ఎక్కువ, అన్నం తక్కువ. రేపూ అంతే. ఎల్లుండీ అంతే. పళ్ళెం కూడా చిన్నది తీశాను, చూశావా? మీ ఆవిడ కొన్న ఆ పెద్ద పళ్ళేలు అటక మీద పెట్టేశాను. పళ్ళెం పెద్దదైతే కన్నూ పెద్దదవుతుంది."

"మరి పరీక్షకి తగ్గుతానా అమ్మా?" ఈసారి అతని గొంతులో కోపం లేదు. చిన్నపిల్లాడి భయం ఉంది.

తల్లి చెంచా అతని చేతిలో పెట్టింది. "నువ్వు దొంగతనంగా మాడకుండా, ఇది దొంగతనంగా విప్పకుండా ఉంటే, ఇరవై రోజులు తక్కువేం కాదు. ముందు ఎంతుందో నిజం తెలియాలి. అమ్మాయ్, వీణ్ణి కొలువు."

టేపక్క చెయ్యి మెడలో టేపు మీదకి వెళ్ళి ఆగింది.

"ఇప్పుడొద్దత్తయ్యా. తినని మనిషి. రేపు కొలుస్తాను."

"ఊరందర్నీ కొలుస్తావు, వీడికొచ్చేసరికి రేపేంటి?"

అతను అప్పటికే సగం గిన్నె ఖాళీ చేశాడు. చెంచా పెట్టేసి లేచాడు. మొహంలో కొంచెం రక్తం వచ్చింది, రక్తంతో పాటు పౌరుషమూ వచ్చింది. "కొలువు. చిల్లులు చూశాను, అంకె కూడా చూస్తాను. ఇకనించి వారానికోసారి, నా కళ్ళ ముందు, నిజం కొలత. అది ఎంతైనా సరే, నేను పళ్ళెం తొయ్యను. సరేనా?"

ఇంత మాట అన్నాక ఆవిడ ఇంక తప్పించుకోలేకపోయింది. టేపు తీసి, ఎదురుగా నిలబడి, అతని వెనక నించి చుట్టింది. చేతులు ముందుకి తెచ్చి రెండు కొసలూ కలిపింది. అతని బొడ్డు మీద ఆవిడ బొటనవేళ్ళు చల్లగా ఉన్నాయి. అతను పొట్ట లోపలికి లాక్కోబోయి, లాక్కోకుండా వదిలేశాడు. అతని ఊపిరి ఆవిడ చెంపకి తగిలింది. సూపు వాసన. మూడు రోజులుగా ఈ మనిషి ఇంత దగ్గరికి రాలేదు, వచ్చుంటే నోట్లో నిమ్మకాయ కంపు నేనే పసిగట్టేదాన్ని అనుకుంది. మళ్ళీ కోపం వచ్చింది, ఈసారి తన మీద.

ఫోను మోగింది.

ఆవిడ ఫోను మిషను మీదుంది. రెండు చేతులూ టేపుకి ఉన్నాయి. అత్తగారు అందుకుని, ఏ బటన్ నొక్కిందో ఏమో, స్టేషన్ ఆఫీసరు గొంతు గదంతా వినిపించింది.

"అమ్మా, మావాడు తేరుకున్నాడా? తేరుకున్నాడు కదా, మంచిది. ఒక విషయం చెప్పాలి. నిచ్చెన మీద జరిగింది పైదాకా పోయింది. ఇరవై రోజులు ఆగరట. రేపు పదింటికి డాక్టరొచ్చి వీణ్ణొక్కణ్ణే చూస్తాడు."

అతను ఫోను వైపు తిరిగి చూశాడు.

"మీరేం కంగారుపడకండి" అన్నాడు ఆఫీసరు, ఎంతో మంచిగా. "నేను గట్టిగా చెప్పాను. మావాడి నడుము ముప్పై నాలుగండీ, మొన్న సెలవులకి ముందు కూడా వాళ్ళావిడే స్వయంగా కొలిచి సంతకం పెట్టింది, నెల తిరక్కుండా మనిషి ఏం మారిపోతాడని అన్నాను. సరే, ఆ కాగితం ముందు పెట్టుకుని కొలుస్తామన్నారు. సంతకం మీదే కనక మీరూ రావాలమ్మా. కాగితానికీ మనిషికీ తేడా వస్తే వాడి నిచ్చెనా పోతుంది, మీ కుట్టుపనీ పోతుంది అన్నారు. నేను నవ్వాను. తేడా ఎందుకొస్తుందండీ, కొలిచింది ఎవరనుకున్నారు అన్నాను."

ఫోను ఆగింది. అత్తగారు దాన్ని మిషను మీద మెల్లగా పెట్టింది.

అతను తల తిప్పి భార్య వైపు చూశాడు. ఇంతకుముందు అందని మౌనం ఇప్పుడు అందింది.

"సెలవులకి ముందు" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఆవిడకి అనిపించింది. "సెలవులకి ముందు నన్ను ఎప్పుడు కొలిచావు?"

"కొలవలేదు."

"పోయినేడాది?"

"కొలవలేదు. అందరికీ టేపు చుట్టాను. నీది... తెలిసిందే కదా అని రాసేశాను."

టేపు ఇంకా అతని నడుము చుట్టూనే ఉంది. అతను ఆవిడ బొటనవేలు పట్టుకుని పక్కకి జరిపాడు. దాని కింద ఉన్న అంకె ఈ గదిలో అందరికంటే ముందు అతనే చదివాడు.

ముప్పై ఎనిమిది.